మూసీలో తేలిన గంగాళం

"మందికి నీళ్ళు సాలకుంటే ఎట్లయ్యా? పెండ్లికొచ్చినోళ్ళు మొకం కడగనీకి చుక్క నీళ్ళు లేవని నలుగుర్ల అంటే, నా బిడ్డ అత్తగారింట్ల తలెత్తుకుంటదా?"

నేను ఒక రాగి గంగాళాన్ని. ఇంకా గంగాళం కాకముందు, కంచరి బ్రహ్మయ్య ముంగిట వట్టి రేకుగా పడి ఉన్నప్పుడు నేను విన్న మొదటి మాట ఇది. అన్నది రాజవ్వ. ఆమె కూతురు సాయవ్వకు అప్పటికి పెళ్ళికొడుకే కుదరలేదు. కానీ భయపడడానికి ముహూర్తం దేనికి? చుట్టాలు పదిమంది ఎక్కువ వస్తే అని ఒకసారి, బావి ఎండిపోతే అని ఇంకోసారి, కొలత పెంచుతూనే పోయింది. చివరికి నేను తయారయ్యేసరికి ఎడ్లను కూడా నాలో కడగవచ్చన్నట్టు ఉన్నాను. బ్రహ్మయ్య ఒక్కడూ నన్ను ఎత్తలేకపోయాడు.

పెళ్ళయింది. నీళ్ళు సగం మిగిలిపోయాయి. రాజవ్వ మాత్రం, "సగం మిగిలినయి గనుక సరిపోయింది, లేకుంటే?" అంది. తల్లుల లెక్కలు అట్లాగే ఉంటాయి.

సాయవ్వతో పాటు నేనూ హైదరాబాదు వచ్చాను. మూసీ ఒడ్డున అత్తగారిల్లు. గంగాళంతో పాటు భయం కూడా పుట్టింటి సారెలో వచ్చింది కాబోలు, ఏడాది తిరిగి ఆడపిల్ల పుట్టగానే సాయవ్వకు నిద్ర కరువైంది. వాన మొదలైన ప్రతిసారీ వాకిట్లో నిలబడి ఏటివైపు చూసేది. మొగుడు నవ్వేవాడు.

"మూసీకి మనింట్ల ఏం పనే? పిలుపు పంపినవా?"

పిలవకుండానే వచ్చింది. పాతబస్తీ వాళ్ళు ఇప్పటికీ తుగ్యానీ అని చెప్పుకునే ఆ వరదే. తెల్లారేసరికి నీళ్ళు గడప దాటాయి, చూస్తుండగా పొయ్యి మునిగింది. మొగుడు దూలం పట్టుకుని దేవుళ్ళను పేరుపేరునా పిలుస్తుంటే, సాయవ్వ వాకిట్లో బోర్లించి ఉన్న నన్ను వెల్లకిలా తిప్పింది. ఇంట్లో ఉన్న బొంతలన్నీ వేసి పిల్లను నాలో పడుకోబెట్టింది. నా కడియం పట్టుకుని వీధిలోకి నడిచింది. నీళ్ళు మొదట నడుముకు, తర్వాత గొంతుకు. ఒక మేడ పిట్టగోడకు ఠంగుమని గుద్దుకున్నాను. పక్కన సొట్ట పడింది. పైనుంచి ఎవరెవరో చేతులు చాచి నన్ను లాగారు. పిల్ల దక్కింది. నా కడియాన్ని పట్టుకున్న చెయ్యి అప్పటికి అక్కడ లేదు.

ఈ ఒక్కచోట నాకు వెటకారం రాదు. క్షమించండి.

పిల్ల పేరు బుచ్చవ్వ. చిన్నమ్మ పెంచింది. పెద్దదై, పెళ్ళయి, కాస్త ఎత్తైన గల్లీలో ఇల్లు కట్టించుకుంది. నా సొట్ట సాపు చేస్తానని ఏ కంచరి వచ్చినా గడప తొక్కనిచ్చేది కాదు. "అది మా అవ్వ ఉన్న జాగ" అనేది. ఇల్లు మాత్రం నా చుట్టూ కట్టారు. గోడలన్నీ లేచాక చూస్తే నేను ఏ గుమ్మంలోనూ పట్టను. మనుషులు తెలివైనవాళ్ళు, ముందు గోడ కట్టి తర్వాత కొలత తీస్తారు. అట్లా నేను ఆ ఇంట్లో బందీనైపోయాను. వడ్లు పోశారు, బొగ్గులు పోశారు, పిల్లలు దాగుడుమూతల్లో నాలో దాక్కుని నిద్రపోయారు. ప్రతిసారీ నాకు ఒకటే భయం. ఊపిరాడకపోతే? ఎవరైనా మూత పెడితే?

బుచ్చవ్వ పోయింది. ఆమె కొడుకూ పోయాడు. మనవరాలు బాలమణి పెళ్ళి చేసుకుని కింది గల్లీకి, అంటే మళ్ళీ ఏటి దగ్గరికే వెళ్ళింది. చెప్తే వింటారా? ఆమె తమ్ముడు అయిలయ్య ఇంట్లో మిగిలాడు. ఆ తర్వాత రోడ్డు వెడల్పు పేరుతో ముందు గోడ కూల్చారు. గోడ పోయిందని ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే అయిలయ్య మాత్రం, "ఇప్పుడైతే గంగాళం బయటికొస్తది" అన్నాడు. ఆ సాయంత్రమే పాత సామాన్ల బండి ఎక్కించాడు. అక్కకు మాటైనా చెప్పలేదు.

బండి నుంచి గోదాముకు, గోదాము నుంచి అదే గల్లీ మొదట్లో మహేందర్ పెట్టిన కాఫీ హోటలుకు చేరాను. లోకం ఎంత పెద్దదో చూశారా! అక్కడ నా మెడలో అట్టముక్క కట్టారు. నవాబు గారి వంటశాలలోని బిర్యానీ వండే దేగనట. నేను బతుకులో బియ్యపు గింజ ఉడికించి ఎరుగను.

ఆదివారం ఆదివారం నగరం తన చరిత్రను వెతుక్కోవడానికి వస్తుంది. టోపీలు, నీళ్ళ సీసాలు, ఎడారి దాటబోతున్నట్టు ముస్తాబు. ముందు సుహాస్ అనే కుర్రాడు నడుస్తూ చరిత్ర చెబుతాడు. నా సొట్టను ఏనుగు తన్నిందట. ఏనుగు వంటింట్లోకి ఎందుకు వచ్చిందని ఒక్కరూ అడగరు. అందరూ "అబ్బా" అని ఫోటో తీసుకుంటారు.

మొన్నటి ఆదివారం ఆ గుంపు వెనకాల బాలమణి లోపలికి వచ్చింది. విడిగా వస్తే ఆ హోటలు గుమ్మం దగ్గరే ఆపేవాళ్ళు. చరిత్రతో పాటు వచ్చింది కనుక ఎవరూ అడ్డుకోలేదు. అదే వేళకు నా పక్కన ఒక మేస్త్రీ డ్రిల్లింగ్ మిషను పట్టుకుని కూర్చున్నాడు. నా అడుక్కి చిల్లు పెట్టి, పైన కొళాయి బిగించి, చేతులు కడుక్కునే తొట్టి చేయాలని మహేందర్ ముచ్చట. అడుగు భాగం మీద సుద్దతో గుండ్రం కూడా గీశారు. నాలో పసిపిల్ల తేలిన చోట.

"గది నవాబుది కాదు బిడ్డా, మాది" అంది బాలమణి, సొట్ట మీద చెయ్యేసి. "మా నాయనమ్మ తుగ్యానీల దీంట్లనే కొట్టుకొచ్చింది. వాళ్ళమ్మ పట్టుకొని నడిసింది."

సుహాస్ నోరు తెరిచాడు. "మరి ఏనుగు?"

"నువ్వే ఎరుగుదువు నాయనా, నేనైతే సూడలే."

గుంపు నవ్వింది, తర్వాత చప్పట్లు కొట్టింది. ఒకావిడ కళ్ళు తుడుచుకుని సెల్ఫీ దిగింది. మహేందర్ మొహం వెలిగిపోయింది. "నవాబు కన్న ఇదే బాగుందమ్మా! బోర్డు మీద మీ కథే రాయిస్తా. ఏయ్, నువ్వు కానీ, మిషను ఆన్ చెయ్."

"వద్దు" అంది బాలమణి.

"ఎందుకొద్దు? కావాలంటే తీస్కపో అమ్మా, పైస అడగ. ఆటో నేనే మాట్లాడతా. కానీ ఎక్కడ పెడతవ్? నీ ఇంటి తలుపుల పడతదా? పట్టినా, కాళ్ళు ఎక్కడ చాపుకుంటవ్?"

బాలమణి తల వంచి నా అడుగున ఉన్న సుద్ద గుండ్రాన్ని చూసింది. ఆమెకున్నది ఒక్క గది. మేస్త్రీ మిషను మీద వేలు పెట్టుకుని చూస్తున్నాడు. కాఫీలు చల్లారాయి. సుహాస్ గడియారం చూసుకున్నాడు. తరువాతి చరిత్రకు ఆలస్యమవుతోంది. "చెప్పమ్మా, ఏం చేస్కుంటవ్ దీన్ని?" అని మహేందర్ మళ్ళీ అడిగాడు. నాకు మళ్ళీ అదే భయం. ఆమె తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతే? కొంగుతో మొహం తుడుచుకుని సరే అనేస్తే?

బాలమణి తలెత్తింది.

"నాకియ్యకు బిడ్డా. ఈడనే ఉంచు, కథ గూడ రాసుకో. బొక్క మాత్రం పెట్టకు. మా గల్లీ ఏటి పక్కనే. మా కోడలు మొన్ననే పిల్లను కన్నది."