పదకొండు రోజులకు ఒక్క లైను

"పదకొండు రోజులు కూర్చుని మార్చింది ఒక్క లైనా?" అని భర్త ప్రకాష్ నవ్వినప్పుడు హెలెన్ పండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. అత్తగారు వీరమ్మ నాలుగు కేజీలు ముందు పోసి, పొద్దెక్కేలోగా తేల్చమని వెళ్లిపోయింది. ఆ చేతులతోనే పదింటికి లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. సబ్బుతో ఎంత కడిగినా వేళ్లు మండుతూనే ఉంటాయి.

హెలెన్ పర్చూరులో ఇంట్లో కూర్చునే బెంగళూరు కంపెనీకి పనిచేస్తుంది. కంప్యూటర్‌ను లోపల నుంచి నడిపించే కెర్నెల్‌లో తప్పులు వెతకటం ఆమె పని. ఈసారి సర్వర్లు ఉన్నట్టుండి పడిపోతున్నాయి. ఒక ప్రాసెసర్ మెమరీలో సమాచారం నింపి కొత్త వస్తువును తయారుచేసి, దాని చిరునామా అందరికీ కనిపించేచోట పెడుతుంది. కోడ్ రాసిన వరుసలో వస్తువు ముందు, చిరునామా తర్వాత. వేగం కోసం యంత్రం ఆ వరుసను తారుమారు చేస్తే, పక్క ప్రాసెసర్‌కు చిరునామా ముందు కనబడుతుంది. నమ్మి వెళితే లోపల చెత్త. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. నింపటం పూర్తయ్యాకే చిరునామా బయటికి రావాలని కట్టడి చేసే లైనే ఆమె పదకొండు రోజులకు మార్చింది. దొరికిన రోజు హెలెన్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక వంటింట్లో నిలబడి మంచినీళ్లు తాగింది. ఇంతమంది ఉన్న ఇంట్లో ఇంత ఒంటరితనం ఉంటుందని ఆమె పెళ్లికి ముందు అనుకోలేదు.

ఆ ఆదివారం చర్చిలో ప్రసంగం అయ్యాక, పాస్టరైన మామగారు క్రీస్తుదాసు ప్రకటనలు చదివారు. ఒక పెళ్లి, ఒక ప్రార్థన కూటం, ఆ తర్వాత మూడోది. "మా కోడలు హెలెన్ ఉద్యోగం మానేసి, జూన్ నుంచి మన సంఘం బడి చూసుకుంటుంది. ప్రార్థన చెయ్యండి." ఆడవాళ్లంతా ఆమెవైపు తిరిగి నవ్వారు. ఆ సంగతి హెలెన్ వినటం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి అడిగితే ప్రకాష్ చొక్కా విప్పుకుంటూ, "అందరికీ చెప్పేశాం గదా. నువ్వు నిదానంగా ఒప్పుకుంటావులే అనుకున్నాం. ఇప్పుడు కాదంటే నాన్న పరువేం గావాలి?" అన్నాడు. దేవుడి పనికి పిలుపు రావటం అదృష్టమంది వీరమ్మ. వారమంతా తల్లులు వచ్చి తమ పిల్లల్ని ఏ తరగతిలో చేర్చుకుంటావని అడిగారు. లేని టీచరమ్మను జనం అప్పుడే నమ్మేశారు. కంప్యూటర్‌లో అయితే తొందరపడి నమ్మిన ప్రాసెసర్ పడిపోతుంది. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు, కుంగిపోయింది హెలెన్ ఒక్కతే. పుట్టెడు దుఃఖం పెట్టుకుని అందరికీ టీ కాచి ఇచ్చింది.

తర్వాతి ఆదివారం దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే వేళ, ఎన్నడూ లేవని హెలెన్ చాప మీద నుంచి లేచింది.

"పోయిన వారం అయ్యగారు చెప్పింది నన్ను అడక్కుండా చెప్పారు. నేను ఉద్యోగం మానటం లేదు. బడికి వేరే మనిషిని చూసుకోండి."

మగవాళ్ల వైపు కూర్చున్న ప్రకాష్ తల దించుకున్నాడు. సాక్ష్యం ముగియగానే సంఘమంతా స్తోత్రం అనటం ఆనవాయితీ. ఎవరూ అనలేదు. హెలెనే గట్టిగా స్తోత్రం అని కూర్చుంది.