వెనక సీటు చల్లదనం

వెంకటనర్సయ్య ఐసుగడ్డకు అంటిన ఊక కడిగి, గడ్డను అంబాసిడర్ వెనక సీటు ముందున్న బేసిన్‌లోకి దించాడు. డాష్‌బోర్డు మీది చిన్న ఫ్యాను ముఖం వెనక్కి తిప్పాడు. రెక్సిన్ సీటు మీద తెల్ల తువ్వాలు పరిచాడు. వెనక కిటికీలు రెండింటికీ వట్టివేళ్ల తడికలు తగిలించి, తడిపి, ఒకసారి చేత్తో నిమిరాడు. పదకొండు ఎండాకాలాలుగా ఇదే పని. ఇంత చేసినా ఆ చల్లదనమంతా వెనక సీటుదే. ముందు సీటుకు దక్కేది ఇంజను సెగ, అద్దంలోంచి పడే ఎండ. డ్రైవరుకు రోడ్డు కనిపించాలి కాబట్టి అక్కడ తడిక కట్టడానికి లేదు.

యాభై నాలుగేళ్ల మనిషి. కుడి మోచేయి కిటికీ బయట పెట్టి పెట్టి, ఆ చేయి ఎడమదానికంటే బాగా నల్లబడింది. లోకంలో అతనికి వచ్చిన విద్య ఒక్కటే, ఎండలో కారును చల్లగా ఉంచడం. దానికి బిరుదులూ లేవు, దండలూ లేవు.

ముందు బంపరుకు కాన్వాసు నీళ్ల సంచి వేలాడుతోంది. బండి నడుస్తుంటే గాలి తగిలి అందులో నీళ్లు కుండలో నీళ్లలా చల్లబడతాయి. రోజూ పొద్దున బోరబండలో ఇల్లు కదిలే ముందు భార్య మల్లమ్మ నింపి, మూతి బిగించి ఇస్తుంది.

“గివి నువ్వు తాగనీకి. బండికి పోసినవో, చూడు మల్ల,” అంది ఇవాళ.

“పొయ్యనే,” అన్నాడు.

లీలాకుమారి సినిమాల్లో తల్లి వేషాలు వేసే నటి, అతని యజమానురాలు. తెర మీద కొడుకు కోసం ఎండలో చెప్పుల్లేకుండా నడిచి జనాన్ని ఏడిపిస్తుంది. తెర దిగితే ఎండపొడ గిట్టదు. ముఖాన వేసిన రంగు చెమటకు కరిగిందంటే మళ్లీ గంట పని. ఆమె షూటింగు డేట్లు చూసే తమ్ముడు త్రినాథరావు ఏసీ ఉన్న కొత్త కారు మాట్లాడాడు. దాంతోపాటు దాన్ని నడిపే మనిషిని కూడా మాట్లాడాడు. ఆ సంగతి తెలిసి వెంకటనర్సయ్య నిన్న ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మా, రేపు ఒక్కపారి సార్‌ను గూడ కూసోబెట్టుండ్రి. ఉక్కపోస్తె నేనే తాళాలిచ్చి పోత.”

“సరేలే నర్సయ్యా. రేపు చూసి చెప్తాం,” అందామె.

ఆ రేపు ఇవాళే. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అక్కాతమ్ముళ్లు సెట్టు నుంచి డబ్బింగుకు వెళ్లాలి. ఆ వేళకు వెనక సీటు చల్లగా ఉంటే కొలువు ఉంటుంది, లేకపోతే లేదు.

ఎనభై తొమ్మిది మే నెల. ఫిల్మ్‌నగర్ అవతల బండల మధ్య సెట్టు వేశారు. ఒక్క చెట్టు లేదు. ఉన్న నీడంతా జనరేటరు వ్యానుది, దాని పక్కన అప్పటికే పదిమంది. తొమ్మిదికి రావాల్సిన నీళ్ల ట్యాంకరు పదకొండైనా రాలేదు. ఆ గాలికి తడికలు అరగంటలో కరకరలాడతాయి. డిక్కీలోని రెండు క్యాన్లూ పన్నెండు కాకముందే అయిపోయాయి. ప్రొడక్షన్ వాళ్లను అడిగితే, “మనుషులకే లేవు, కారుకా?” అని నవ్వారు. నవ్వరూ మరి.

అతను బంపరు దగ్గర గొంతుక్కూర్చుని సంచి మూతి విప్పాడు. రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్క పోసుకోబోతూ తడికల వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది. సంచి మూతిని తడిక పైఅంచుకు ఆనించి, చుక్క నేలపాలు కాకుండా పోశాడు. కుడి కిటికీ అయ్యాక ఎడమ కిటికీ. పన్నెండున్నరకు మళ్లీ. ఒంటిగంటకు మళ్లీ పోసి, సంచిని గుడ్డలా పిండాడు.

పక్క కారు డ్రైవరు జోజి అతని వాలకం చూసి దగ్గరికొచ్చాడు.

“మొహం అదోలా ఉంది బాబాయ్. వెనక సీట్లో కాసేపు నడుం వాల్చండి. ఎవరు చూస్తారు?”

“తలుపు తెరిస్తె చల్లదనం పోతది,” అన్నాడు వెంకటనర్సయ్య.

పొద్దుటి నుంచీ తల పగిలిపోతోంది. ఇప్పుడు చెమట ఆగిపోయింది, చొక్కా ఆరిపోయింది. ఒళ్లు సర్దుకుందనుకున్నాడు. తడి ఆరితే చల్లదనం పోతుందని తడికల విషయంలో అతనికి చెప్పాల్సిన పనిలేదు. తన ఒంటి దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి తట్టలేదు. అతను వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

చెప్పిన వేళకే వచ్చారు. లీలాకుమారి వెనక సీట్లో కూర్చుని కళ్లు మూసుకుంది. త్రినాథరావు తడిక మీద వేలు పెట్టి చూశాడు. బేసిన్‌లో ఇంకా పిడికెడు ఐసు మిగిలి ఉంది.

“హాయిగానే ఉందక్కా,” అన్నాడు. “ఈ ఏడాదికి ఇదే ఉండనీ.”

“విన్నావా నర్సయ్యా? ఇక పోనీ.”

వెంకటనర్సయ్య బండి తీయలేదు. చేయి తాళం మీదే ఉంది, తల కిటికీకి ఆని ఉంది. కునుకు పట్టిందనుకుని త్రినాథరావు భుజం తట్టబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

త్రినాథరావు జోజిని కేకేశాడు. ఇద్దరూ కలిసి అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టారు. పదకొండేళ్లలో అతను ఆ సీటెక్కడం అదే మొదలు. జోజి ఆస్పత్రికి బండి తీశాడు. లీలాకుమారి ముందు సీట్లో కూర్చుని, ముఖాన రంగు కారిపోతున్నా తుడుచుకోకుండా, వెనక్కి తిరిగి అతన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. బంజారాహిల్స్ దిగేసరికి అతని ఊపిరి ఆగిపోయింది. తడికలు ఇంకా తడిగానే ఉన్నాయి.

మూడోనాడు జోజి బోరబండ వెళ్లి, వెంకటనర్సయ్య చెప్పులూ నీళ్ల సంచీ మల్లమ్మ ముందు పెట్టాడు. కొత్త కారు మళ్లీ మాట్లాడుకున్నారని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

“దూపతోని పోయిండా?” అని అడిగిందామె.

“లేదు పిన్నీ. నీళ్లు తాగారు. నేను చూశాను.”

మల్లమ్మ సంచిని ఒళ్లోకి తీసుకుంది. ఎండి అట్టకట్టిన ఆ కాన్వాసు మూతికి వట్టివేళ్ల పీచులు రెండు అంటుకుని ఉన్నాయి.