నాలుగో రెబ్బ

నేను ఒక టెలిఫోన్ డైరెక్టరీని. తూర్పుగోదావరి జిల్లాది. ఒళ్లంతా పేర్లూ నంబర్లే. అచ్చయిన కొత్తలో నా దర్జా చూడాలి! సామర్లకోటలో లైన్‌మన్ సత్తిరాజు నన్ను ఇంటికి తెచ్చినప్పుడు వీధిలో సగంమంది ఆయన అరుగెక్కారు. తమ పేరు నాలో ఉందని మురిసిపోయేవారు, పక్కింటాయన పేరు కూడా ఉందని చూసి మొహం మాడ్చుకునేవారు. మనుషులకు తమ పేరుంటే చాలదు, ఎదుటివాడిది ఉండకూడదు కూడా.

తర్వాత సెల్‌ఫోన్లొచ్చాయి. ఓడలు బళ్లవడం అంటే ఇదే. సత్తిరాజు పోయాక ఆయన భార్య మంగాయమ్మ నన్ను చిత్తుకాగితాలవాడికి వెయ్యబోయి, అట్ట మీద మొగుడి చేతిరాత చూసి ఆగింది. కుట్టుమిషన్ ఊగకుండా దాని కాలి కింద దూర్చింది. ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాను.

నన్ను బయటికి లాగింది వాళ్ల కోడలు నీలవేణి. ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు, రెండూ అయిదో నెలలోనే. మూడోసారి అయిదో నెల వచ్చేసరికి ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడేవాళ్లే లేకపోయారు. మూడు రెబ్బల ఆకుల్లో నాలుగు రెబ్బలది దొరికితే అదృష్టమని ఆమెకు చెప్పింది ఎవరనుకున్నారు? నన్ను మూలకు నెట్టిన ఆ సెల్‌ఫోనే. పెరట్లో నీళ్లగాబు పక్కన, పప్పులో వేసుకునే పులిచింతాకు గుబురుగా పెరిగి ఉంది. వెతికితే ఒకటి దొరికింది. ఆ పూటే బిడ్డ మొదటిసారి కదిలింది. ఇంకేముంది! ఆకును నా పేజీల మధ్య పెట్టి, వాడిపోకుండా అణగాలని నామీద రుబ్బురోలు పొత్రం ఎక్కించింది.

గర్భసంచికి కుట్టు వేసిన డాక్టరమ్మ మంచం దిగొద్దంది. ఎవరు విన్నారు? ఒక్క ఆకుతో సరిపోదు, రోజుకొకటి కావాలని, మొగుడు వీర్రాజు డ్యూటీకెళ్లగానే నీలవేణి గాబు దగ్గర గొంతుకూర్చుని గంటసేపు వెతికేది. బిడ్డ నిలవాలంటే ఆకు దొరకాలి, ఆకు దొరకాలంటే గొంతుకూర్చోవాలి, గొంతుకూర్చుంటే బిడ్డ నిలవదు. నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

ఒకరోజు పెరట్లోంచి ఏడుస్తూ వచ్చింది. చీరకు నెత్తుటి మరక. ఆస్పత్రికి తీసుకెళ్లి తెచ్చాక మంగాయమ్మ తిట్టలేదు. కోడలి కాళ్ల దగ్గర కూర్చుంది.

"నువ్వు కదలకమ్మా. రోజుకో ఆకు నేను ఎతికి తెత్తాను. నా మాట నమ్ము."

శుక్లాలు కమ్మిన కళ్లతో, పట్టేసిన మోకాళ్లతో మంగాయమ్మ మొదటిరోజు పొద్దంతా వెతికింది. దొరకలేదు. మర్నాడు దొరికింది. ఆ మర్నాడూ దొరికింది. నాలో పెట్టగానే నాకు తెలిసిపోయింది, పేజీకి అన్నం మెతుకు తడి తగిలింది. మూడు రెబ్బల ఆకుకు ఇంకో రెబ్బ తుంచి అంటించేస్తోంది ముసలావిడ! ఒకప్పుడు సత్తిరాజు ఉత్తరాల కవర్లు అంటించిన పద్ధతే. కోడలు మంచం మీదే ఉంది, నాక్కావలసిందీ అదే. నేనూ నోరు మూసుకున్నాను.

ఏడో నెలలో చీమలొచ్చాయి.

మంచం పక్క స్టూలు మీదున్న నాలోకి బారులు కట్టాయి. నీలవేణి దులుపుదామని నన్ను తెరిచింది. మెతుకంతా చీమలు తినేశాయి, నాలుగో రెబ్బ జారి దుప్పటి మీద పడింది. పేజీలు తిప్పినకొద్దీ రెబ్బలు రాలాయి. ఆమె మొహం చూస్తే నాకే భయమేసింది.

"ఇవన్నీ ఉత్తివా అత్తయ్యా? మరి ఇన్నాళ్లూ నా బిడ్డని ఏం కాపాడినట్టు?"

కాళ్లు నేలకు దించేసింది. ఇప్పుడే వెళ్లి నిజమైనది వెతుక్కుంటానంది. మంగాయమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి పెరటి గడపకు అడ్డంగా కూలబడింది.

"తిట్టు, కొట్టు, మీ ఆయనతో చెప్పు. ఈ గడప మాత్రం దాటకు. ఆ రెండుసార్లూ ఏడిచింది నువ్వొక్కదానివే అనుకున్నావా? నేను గాబు కాడ కూకుని ఏడిచేదాన్నమ్మా, నీకు వినపడకుండా."

నీలవేణి చాలాసేపు మంచం అంచునే కూర్చుంది. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి నామీద. తర్వాత మెల్లగా కాళ్లు పైకి తీసుకుని పడుకుంది.

"మెతుకు పెడితే చీమలు పడతాయి. తుమ్మజిగురు పెట్టండి అత్తయ్యా."

ఇంకా రెండు నెలలుంది. ఏమవుతుందో, ఊరందరి పేర్లూ తెలిసిన నాకూ తెలియదు. సాయంత్రం మంగాయమ్మ ఆకులూ జిగురుసీసా తెచ్చి, ఈసారి దాచకుండా మంచం మీదే కూర్చుంది. జిగురు ఆరేదాకా నాలుగో రెబ్బను నీలవేణి తన వేలితోనే నొక్కి పట్టుకుంది.