చౌడేశ్వరి పదో వేలు

హాజరు పిలవకముందే వరదమ్మ వేళ్ళు మడిచి పిల్లల్ని లెక్కబెట్టుకుంది. తొమ్మిది. మళ్ళీ మడిచింది. తొమ్మిదే.

గుడియాత్తంలోని ఆ బడిలో తెలుగు తరగతి నిలవాలంటే పదిమంది ఉండాలి. ఒక్కరు తగ్గినా ఎత్తేసి, ఉన్నవాళ్ళను తమిళ తరగతిలో కలిపేస్తారు. చిత్తూరు ఆంధ్రలోకి పోయి మూడేళ్ళయింది, ఈ తెలుగువాళ్ళు ఇటు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలారు. సరిహద్దు గీత గీసినవాళ్ళకేం, గీసి వెళ్ళిపోయారు. ఇక్కడ వరదమ్మ మాత్రం పదిమందిని కోడిపిల్లల్లా కాచుకుంటూ కూర్చుంది. ఆ రోజే వేలూరు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

తెలుగు వాచకాలు రాలేదు. పలకలున్నది నలుగురికే. అందుకని వరదమ్మ లెక్కలన్నీ ఒంటిమీదే చెప్పేది. ముక్కు ఒకటి, కళ్ళు రెండు, వేలికి కణుపులు మూడు, చేతికి వేళ్ళు ఐదు. పదికి రెండు చేతులూ చాపమన్నప్పుడే చౌడేశ్వరి దగ్గర చిక్కొచ్చింది. పోయినేడు వాళ్ళింట్లో మగ్గం మూలబడితే ఆ పిల్లను అగ్గిపెట్టెల పనికి పంపారు. పుల్లలు కోసే కత్తికి ఎడమచేతి చిటికెన వేలు పోయింది. ఏడేళ్ళ పిల్ల తొమ్మిది దగ్గర ఆగి ఏడుస్తుంటే వరదమ్మ చూడలేకపోయింది.

“ముక్కుండాది కదా నాయనా, అదే నీ పదో వేలు,” అంది.

అప్పట్నుంచి తరగతిలో అందరికీ పదంటే ముక్కే. పిల్లల్ని లెక్కబెట్టేటప్పుడు చివర కూర్చునే వల్లి పదోది. చౌడేశ్వరి తన ముక్కు పట్టుకోగానే వల్లి పకపకా నవ్వేది. ఆ రోజు రానిది ఆ వల్లే.

వరదమ్మ ఆదరాబాదరా వాళ్ళింటికి పోయింది. వల్లి తల్లి పొన్నమ్మ గడపలోనే ఉంది.

“అగ్గిపెట్టెల పనికి పోయినాదమ్మా. నిన్ననే వచ్చి పేరు రాసుకొని పోయినారు.”

“ఈ ఒక్క పొద్దు బడికి పంపు పొన్నమ్మా. నీకు పుణ్యముంటాది.”

“ఈ పొద్దు మాన్పిస్తే రేపు పని ఇస్తారా? ఇంట్లో ఐదు నోళ్ళుండాయి. నువ్వు లెక్కలు చెప్పేదానివి కదా, నువ్వే చెప్పు.”

ఆ లెక్క వరదమ్మకు రాదు. తల వంచుకుని తిరిగొచ్చింది.

అప్పటికే ఇన్‌స్పెక్టరు శేషాద్రి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెద్దవయసు, చెప్పిన మాట నమ్మే నెమ్మదైన మనిషి. అదే వచ్చిన చిక్కు. అనుమానపు మనిషైతే తనే లేచి లెక్కబెట్టుకునేవాడు.

“రిజిస్టరులో పదిమంది ఉండారు. మంచిది,” అన్నాడాయన. “నువ్వు లెక్కలు బాగా చెప్తావంట కదమ్మా. ఆ పాపను తరగతిని లెక్కబెట్టమను. ఎంతంటే అంత రాసుకుంటా.”

ఆయన చూపించింది చౌడేశ్వరిని. చూపించి, తల వంచుకుని రిజిస్టరు తిరగేస్తున్నాడు.

చౌడేశ్వరి మొదట తన్ను లెక్కబెట్టుకుంది. తర్వాత ఒక్కొక్కరి ముందూ నిలబడి ఒక్కో వేలు మడుస్తూ పోయింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. వేళ్ళయిపోయాయి. ఆగింది.

వరదమ్మ ఇన్‌స్పెక్టరు వెనక నిలబడి ఉంది. తెలిసే చేసింది ఆ పని. చూపుడువేలు తన ముక్కుమీద పెట్టుకుని, అనమ్మా, పది అను, అని కళ్ళతోనే బతిమాలింది.

చౌడేశ్వరి మొహం వెలిగింది. మడిచిన పిడికిలి ముక్కు దాకా పోయింది. అక్కడే నిలిచిపోయింది. ఆ పిల్ల చివరి ఖాళీ వైపు చూసింది, మళ్ళీ టీచరు వైపు చూసింది.

“ముక్కుండాదమ్మా, వల్లే లేదు,” అంది. “నా వేలు పోయిన కాడికే పోయినాది.”

శేషాద్రి తలెత్తి వెనక్కి తిరిగాడు. వరదమ్మ వేలు ఇంకా ముక్కుమీదే ఉంది. ఆమెకు తరగతి పోతుందన్న దిగులుకన్నా, నోట్లో పాలపళ్ళు పోని పిల్ల చేత అబద్ధం ఆడించబోయానన్న బాధే ఎక్కువైంది.

“సరిగ్గా లెక్కబెట్టినానా అమ్మా?”

తొమ్మిదిమందీ ఆమె నోటి వంకే చూస్తున్నారు. వరదమ్మ వేలు దించింది.

“సరిగ్గానే లెక్కబెట్టినావు నాయనా,” అంది.

శేషాద్రి కలం మూత తీసి తొమ్మిది వేశాడు.