ఉప్పెక్కిన గుండు

ఆ పల్లెలో ఇసుక తప్ప రాయి లేదు. ఉన్న ఒక్క గుండురాయిని చిన్నపోలయ్య వాళ్ల నాన్న క్వారీ నుంచి ఎద్దుల బండిలో తెచ్చి సముద్రం ఒడ్డున వేశాడు. చేపల వేట నిషేధం ముగిసిన రోజున దాన్ని భుజానికెత్తిన మనిషే ఆ ఏడు మొదటి పడవకు చుక్కాని పడతాడు. ఎత్తాక గుండును సముద్రంలో ముంచి, పసుపు రాసి, ఎండలో ఆరబెడతారు.

చాలా ఏళ్లుగా ఎత్తుతున్నది చిన్నపోలయ్యే. ఈసారి మనవడు చిన్నబాబు లుంగీ ఎగ్గట్టాడు. వాణ్ణి తాత ఇంతవరకు వల లాగనిచ్చాడు గానీ చుక్కాని ముట్టుకోనివ్వలేదు.

"ఏందిరా, నడుముకు మందు రాసుకోని వచ్చినావా?" అన్నాడు చిన్నపోలయ్య.

"నువ్వు మిగిల్చుంటే గదా తాతా రాసుకునేదానికి!"

ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వారు. చిన్నబాబు వంగి గుండును మోకాళ్ల దాకా, ఆ తర్వాత ఛాతీ దాకా తెచ్చాడు. భుజం మీదికి తిప్పుతుండగా టప్పుమంది. సగం భుజం మీద ఉంది. సగం ఇసుకలో పడింది.

"ఎత్తినా!" అన్నాడు చిన్నబాబు.

"సగం ఎత్తినావు. మా నాయన తెచ్చిన గుండు పగలగొట్టినావు. చుక్కాని నాదే, పో."

చిన్నబాబు చెల్లెలు సుభాషిణి నెల్లూరు కాలేజీలో జియాలజీ చదువుతోంది. ఆమె పడిన ముక్క దగ్గర కూర్చుని, పగిలినచోట వేలితో తుడిచి, వేలు నాకింది.

"ఛీ, ఏందే ఆ పని?" అంది అవ్వ చెంచమ్మ.

"ఉప్పవ్వా. తాతా, దీన్ని పగలగొట్టింది అన్న కాదు, నువ్వు."

"నేనా?"

"ఏటేటా సముద్రంలో ముంచినావు. నీళ్లు సందుల్లోకి పోయినాయి. ఎండబెడితే నీళ్లు ఆరిపోయి ఉప్పు ఆడే గడ్డకట్టింది. గడ్డకట్టేకొద్దీ అది సందును తోస్తా ఉంటాది. ఏడాది పొడుగునా అలల తుంపర కూడా ఇదే పని చేస్తాది. ఇదో, ఈ ఎర్రమరక తుప్పు."

"రాయికి తుప్పేందే?"

"రాయిలోనూ ఇనుముంటాది, నీ పడవ మేకుల్లో ఉన్నట్టు." ఆమె పగిలిన అంచును గిల్లింది. పొడి రాలింది. "ఇదీ ఒకప్పుడు రాయే. తడి తగిలి తగిలి మట్టయింది."

"అంటే ఇన్నాళ్లూ ఈయన రాయిని ఊరగాయ పెట్టినాడా?" అంది చెంచమ్మ.

ఈసారి నవ్వు ఆగడానికి కొంతసేపు పట్టింది. చిన్నపోలయ్య ఎవరివంకా చూడలేదు. వంగి, ఇసుకలో ఉన్న ముక్కను భుజానికెత్తుకున్నాడు.

"నా సగం నేనెత్తినా. పోయేటప్పుడు చుక్కాని నీది. వచ్చేటప్పుడు నాది. సరేనా?"

"సరే తాతా," అన్నాడు చిన్నబాబు. భుజం మీది ముక్కను అప్పుడు దించాడు.

చిన్నపోలయ్య తన ముక్కతో నీళ్ల వైపు నడిచాడు.

"తాతా, మళ్లీ ముంచుతా ఉండావా? ఇప్పుడే గదా చెప్పినా!"

"విన్నాలేవే. రేపు వీడి కొడుకు ఎత్తాల. వాడికైనా తేలిగ్గా ఉండనీ."

చిన్నబాబుకు ఇంకా పెళ్లి కాలేదు. ముక్క నీళ్లలో మునిగింది.