కొలతకు నిలబెట్టిన ఏడుగురు

"చర్చికి పోయేవాళ్లు లేచి నిలబడండి."

గిరిబాబు సార్ గొంతులో విషం లేదు. అయినా తిరువూరు డిగ్రీ కాలేజీలో అరవై మంది చూస్తుండగా ఏడుగురు లేచారు. వాళ్లలో ఒకతైన షైనికి చెవులు కాలిపోయాయి.

సార్ ఆ ఏడుగురికీ పంచినవి ఏదో యూనివర్సిటీ నుంచి వచ్చిన కాగితాలు. మైనారిటీ పిల్లల్లో 'నేనెవరు' అన్న ఎరుక ఎంత పెరిగిందో కొలుస్తారట. 'మావాళ్లంటే నాకు గర్వం', ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వెయ్యాలి. పేరు రాయక్కర్లేదన్నారు. షైని నమ్మింది. ఐదు వేసింది. ప్రార్థనకు ఎక్కడికెళ్తావంటే వినగడప చర్చి అని రాసింది. పైన రోల్ నంబరు అచ్చయి ఉందన్న సంగతి చూసుకోలేదు.

మూడో రోజు ఆఫీసు క్లర్కు జగన్నాథరావు పిలిచాడు.

"ఏమ్మా, సర్టిఫికెట్లో హిందూ ఎస్సీ. ఇందులో చర్చి. మతం మారితే ఎస్సీ కాదు, ఎస్సీ హాస్టల్లో సీటూ ఉండదు. మీ ఏడుగురివీ పైకి పంపమంటావా?"

కాగితంలో ఒకటి, ఆదివారం ఒకటి. షైని వాళ్ల ఎస్సీ పేటలో మూడు తరాలుగా అంతే. చర్చికెళ్లారని, టీ కొట్లో వాళ్లకు విడిగా బయటపెట్టే గ్లాసును ఎవరూ లోపలి వరసలో పెట్టలేదు.

సైకిల్ స్టాండు దగ్గర పిల్లలు మూగారు.

"కట్ట మొత్తం తగలబెట్టేద్దాం," అన్నాడు విద్యార్థి సంఘం జయకర్.

"ఇంకో కట్ట అచ్చేస్తారన్నా. మనవి మనకిమ్మందాం," అంది షైని.

"అసలు నువ్వు రాయకుండా ఉండాల్సింది షైనీ," అంది హాసిని, పాతిక ఎకరాల రైతు కూతురు.

"అడక్కుండా ఉండాల్సింది వాళ్లు. మీ చేలో మా అమ్మ పత్తి ఏరుద్ది. నీ గర్వమెంతో ఎవడన్నా కొలిచాడా?"



మర్నాడు రెండు వందల మంది ఆఫీసు వరండాలో. జగన్నాథరావు సొరుగు లాగి ఒక కాగితం తీశాడు.

"ఇదిగో నీది. చింపుకో, నీ సీటు నీకుంటుంది. పో."

షైని చెయ్యి ముందుకెళ్లింది. "మిగతా ఆరూ?"

"వాళ్ల సంగతి నీకెందుకే?"

చెయ్యి వెనక్కొచ్చింది. "ఏడూ ఇవ్వండి," అని గుమ్మంలోనే కూర్చుంది. జయకర్ కూర్చున్నాడు. వరండా అంతా కూర్చుంది. అటూ ఇటూ చూసి హాసినీ కూర్చుంది.

పోలీసు జీపు వచ్చింది. వెనకే షైని తల్లి సామ్రాజ్యం ఆటో దిగింది. క్షమాపణ చెప్పించమని ఆఫీసువాళ్లే ఫోను చేశారు.

"కాళ్లు పట్టుకోవే, పోయేదేముంది..." అంటూ వచ్చిన మనిషి, కూతురి భుజమ్మీద ఆనిన లాఠీ చూసి ఆగిపోయింది.

"దించయ్యా అది. నా పేరు సామ్రాజ్యం. నాదీ హిందూ సర్టిఫికెట్టే. ఆదివారమొస్తే వినగడప చర్చిలో ఉంటా. రాసుకో, నన్నూ పైకి పంపు."

కానిస్టేబులు రాసుకోలేదు. జగన్నాథరావు సొరుగుకి తాళం వేశాడు. సామ్రాజ్యానికి చోటిస్తూ వరండా అంతా ఆ తాళం వైపు ఇంకాస్త జరిగింది.