చప్పుడు లేని తమ్ముడు

రోజూ పొద్దున్నే మార్కెట్‌కు వెళ్లేముందు తమ్ముడు అక్క వంటింట్లో ఆగి, నిలబడే ఒక గ్లాసు తేనె కలిపిన గోరువెచ్చని నీళ్లు తాగేవాడు. కూరగాయల వేలం వేయడం అతని పని. టమాటా బుట్టల మధ్య బల్లెక్కి ధర పలికాడంటే అవతలి గేటు దగ్గర లారీల్లో పడుకున్న డ్రైవర్లు ఉలిక్కిపడి లేచేవారు.

"గొంతు కాస్త దాచుకోరా," అనేది అక్క.

"దాచుకుంటే బూజు పడుతుందక్కా!"

అక్క పక్క వీధి బళ్లో సైన్సు టీచరు. చిన్నప్పుడు తమ్ముడికి నత్తి. తోటిపిల్లలు వెక్కిరిస్తుంటే ఆమే వాణ్ని అద్దం ముందు కూర్చోబెట్టి, పెదవులు ఎలా కదలాలో వేలితో చూపించి, ఒక్కో మాటా పలికించింది. ఆ గొంతు తన చేతి పనేనని ఆమెకు లోలోపల గర్వం.

ఆ ఏడు ఆమె క్లాసులో గుడ్లగూబల పాఠం మొదలుపెట్టింది. గుడ్లగూబ ఈక సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలిసిందే. రాలిన ఈక దేనికి తగిలిస్తే దాని చప్పుడు పోతుంది. మేడమీద దర్జీ, పసిపాప నిద్ర చెడకుండా మిషనుకు ఒకటి కట్టుకున్నాడు. హెడ్మాస్టరు గారి కిర్రుకుర్చీకి ఒకటి ఉంది. ఒకసారి ఎవరో తుంటరి బడిగంటకే కట్టేస్తే, ఆ రోజు సాయంత్రం దాకా లెక్కల క్లాసే నడిచింది. ప్రాణమున్నవాటికి మాత్రం ఎవరూ పెట్టరు. ఈక గానీ దాని బూడిద గానీ కడుపులోకి పోతే మళ్లీ తీయడం కుదరదు.

"ఈకలు అందరికీ కావాలి, పిట్ట మాత్రం ఎవరికీ అక్కర్లేదు," అంటూ ఆమె పిల్లల్ని మార్కెట్ వెనక పాత గోదాముకు తీసుకెళ్లింది. గోదాము తమ్ముడిదే. అటక మీద ఒక జంట, వాటి పక్కన నూగు ఈకల పిల్లలు.

"ఆ మొహం చూడండి, పళ్లెంలా ఉందా? చప్పుళ్లన్నీ అందులో పోగవుతాయి. ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి ఉంటుంది. అందుకే గడ్డి కింద ఎలుక ఎక్కడ కదిలిందో చీకట్లో కూడా తెలిసిపోతుంది. మనం పాత కట్టడాలు కూలుస్తున్నాం, తొర్రచెట్లు కొట్టేస్తున్నాం. ఎలుకలకు పెట్టిన మందు వీటి కడుపులోకీ పోతోంది. మన ఊళ్లో మిగిలింది ఈ జంటే."

"పిల్లలు ఎప్పుడు ఎగురుతాయత్తా?" అని తమ్ముడి కూతురు అడిగి, నాలుక్కరుచుకుని, "టీచర్!" అంది. అందరూ నవ్వారు.

గోదాము బేరానికి వచ్చిందని తెలిసి పిల్లలంతా తమ్ముడి చుట్టూ మూగారు. అతను బల్లెక్కి వేలం గొంతుతో అన్నాడు: "పిల్లలు ఎగిరేదాకా గోదాము మీద చెయ్యి వెయ్యను! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో పళ్ల పెట్టెల చెక్కలతో గూళ్లు చేశారు. అవి మోసుకుని మళ్లీ వెళ్లేసరికి గోదాము తలుపులోంచి తడిగడ్డి పొగ వస్తోంది. పెద్ద పిట్టలు ఎటో పోయాయి. పిట్టపిల్లలు ముంగిట్లో గోనెపట్టా మీద చచ్చిపడున్నాయి.

"మాటిచ్చావు కదరా," అంది అక్క.

"కొనేవాళ్లు ఆగేట్టు లేరక్కా. అయినా అదేదో చిన్నపిల్లల్ని ఊరుకోబెట్టడానికి అన్న మాట. దాన్ని కూడా పట్టుకుంటావా?"

అతని కూతురు పక్కనే ఉంది. తను చేసిన గూట్లో ఒక పిట్టపిల్లను పడుకోబెట్టి, తండ్రి వైపు చూడకుండా వెళ్లిపోయింది. టీచరమ్మ వంగి, గోనెపట్టాకు అంటుకున్న నూగు ఏరుకుంది.

మర్నాడు తమ్ముడు ఏమీ జరగనట్టే వంటింట్లోకి వచ్చాడు.

"కోపం పోయిందా అక్కా?"

"తాగు," అందామె. నూగు కాల్చిన బూడిద తేనెలో ఇట్టే కలిసిపోయింది. గుటకలు దిగుతుంటే అతని గొంతునే చూస్తూ నిలబడింది.

మార్కెట్‌లో అతను బల్లెక్కి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. చప్పట్లు చరిచాడు, చప్పుడు లేదు. కాలు నేలకేసి కొట్టాడు, అదీ లేదు. కాటా దగ్గర ముసలాయన తల పంకించి, "ఎవరో ఈక పెట్టేశారయ్యా," అని ఇంకొకడికి బల్ల చూపించాడు. టమాటాలు ఎవరి కోసమూ ఆగవు కదా.

అతను ఉన్నపళంగా అక్క ఇంటికి పరుగెత్తాడు. ఆ పెదవులు ఏమంటున్నాయో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

"ఎందుకా? ఆ గొంతు నేనిచ్చింది. పసిపిల్లలకు అబద్ధం చెప్పమని ఇవ్వలేదు."

తీసెయ్యమని రెండు చేతులూ జోడించాడు.

"గోనెపట్టా మీద ఉన్నవాటిని లేపి గూట్లో పెట్టు. అప్పుడు చూద్దాం."

ఆ తర్వాత అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. వీధిలో ఎదురైతే ఆమె మొహం తిప్పుకునేది కాదు. తృప్తి తీరా చూసేది. ఇంకా చాలలేదనిపించేది.

మరుసటి ఏడు ఆ గుడ్లగూబల జంట బడి వెనక షెడ్డుకు బడిపిల్లలు కట్టిన గూట్లో చేరింది. గుడ్లు పొదిగి పిల్లలయ్యాక, గాలివానకు తాడు తెగి గూడు పక్కకు వాలింది. ఎవరు నిచ్చెన వేసినా తల్లిపిట్ట బెదిరి ఎగిరిపోయేది. ఇంకోసారి బెదిరితే అసలు తిరిగిరాదేమోనని టీచరమ్మ భయం.

మేనకోడలు వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఇన్నాళ్లూ అతనితో ఒక్క మాటా మాట్లాడని పిల్ల, "నాన్నయితే అది లేవదు," అంది.

టీచరమ్మ పక్కకు తప్పుకుంది. అతను నిచ్చెనెక్కాడు. మెట్టు కిర్రుమనలేదు. తల్లిపిట్ట కళ్లైనా విప్పలేదు. గూడు నిలబెట్టి కొత్త తాడు బిగించి, అతను లోపలికి తొంగిచూశాడు. తెల్లటి నూగు, చిన్న చిన్న మొహాలు. అతను కిందికి దిగలేదు. నిచ్చెనకు తల ఆనించాడు. భుజాలు కుదిపేసినట్టు ఊగుతున్నాయి.

ఆ ఏడుపు కోసమే ఆమె ఏడాదిగా కాచుకుని ఉంది. నిచ్చెన కిందికి వెళ్లి, ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించింది.

ఏమీ వినపడలేదు.